ఇక్కడికే కదా అనేవాళ్ళ మధ్య కారు నేర్చుకోవడం: మా బరంపురం అనుభవం

ఒడిశాలోని మా బరంపురం ట్రాఫిక్ గురించి ఎవరు మాట మొదలుపెట్టినా రోడ్లు ఇరుకు, గోతులు ఎక్కువ అనే మొదలుపెడతారు. నా గొడవ రోడ్డుతో కాదు, రోడ్డు మీద నడిచేవాళ్ళు, నడిపేవాళ్ళు, తాడు కట్టేవాళ్ళు, వీళ్ళతో నా గొడవ, అందులోనూ ముఖ్యంగా "ఇక్కడికే కదా" అనే మనుషులతో. హెల్మెట్ ఎందుకు పెట్టుకోలేదు అంటే ఇక్కడికే కదా. ఒక్క స్కూటీ మీద నలుగురు ఎందుకెక్కారు అంటే ఇక్కడికే కదా. హైవే మీద రాంగ్ రూట్‌లో ఎందుకొస్తున్నావు బాబూ అంటే పక్క ఊరే మేడం, ఇక్కడికే కదా. నలభై దాటాక కారు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను నేను, ఇప్పుడు ఈ మాట చెవిన పడితే చాలు ఒళ్ళు మండిపోతోంది, అందుకే లెర్నర్ దగ్గర్నించి హైవే దాకా మొత్తం రాస్తున్నాను.

ఎందుకు నేర్చుకోవాల్సి వచ్చిందంటే, మా ఆయన ఉద్యోగం భువనేశ్వర్‌లో, శనివారం రాత్రి వస్తారు, సోమవారం తెల్లారి ట్రైన్‌కి వెళ్ళిపోతారు, కారు మాత్రం వారమంతా గేటు లోపల కవరు కప్పుకుని కూర్చుంటుంది. అత్తయ్యకి కంటి చెకప్‌లు, పాపకి ట్యూషన్, నాకేమో ఇచ్ఛాపురంలో కన్నవారిల్లు. ఇచ్ఛాపురం ఎంత దూరం చెప్పండి, పాతిక కిలోమీటర్లు, గొలంత్ర, గిరిసోల దాటామంటే ఆంధ్రా వచ్చేసినట్టే, ఆ పాతిక కిలోమీటర్లకి ఆటో, బస్సు, మళ్ళీ ఆటో మారుతూ ఒక చేత్తో అత్తయ్యని ఇంకో చేత్తో సంచిని పట్టుకుని వెళ్ళేదాన్ని. ఇంక లాభం లేదని మా ఆయనతో చెప్పేశాను, తాళాలు ఇచ్చి వెళ్ళండి నేను నేర్చుకుంటాను అని. ఆయన వెంటనే సరే అన్నారు. చుట్టాలే "ఇప్పుడెందుకమ్మా, ఇంకొన్నేళ్ళు పోతే పిల్లే నడుపుతుంది కదా" అన్నారు. పిల్ల నడిపేదాకా అత్తయ్య కళ్ళు ఆగుతాయా?

లెర్నర్‌కి పరివాహన్ సారథి సైట్లో అప్లై చెయ్యాలి. సొంత కారు నడుపుకునేవాళ్ళు నలభై లోపయితే ఫారం 1లో ఆరోగ్యం గురించి మనకి మనమే రాసిచ్చుకుంటే సరిపోతుంది, నలభై దాటితే ఫారం 1ఎ అని డాక్టరు సంతకం పెట్టిన సర్టిఫికెట్ కావాలి. మా వీధి డాక్టరుగారు దూరం నించి అక్షరాలు చదివించి, రంగులు చూపించి, బీపీ కూడా చూసి, సంతకం పెడుతూ "అమ్మా, బీపీ ఇప్పుడు నార్మల్, బడబజార్లో నడిపాక ఒకసారి మళ్ళీ రండి" అన్నారు. ఆయన రోజూ అదే దారిలో క్లినిక్‌కి వస్తారు, అనుభవంతో అన్న మాట అది. కేంద్రం రూల్స్ ప్రకారం లెర్నర్‌కి ఒక్కో రకం బండికి 150 రూపాయలు, తర్వాత డ్రైవింగ్ టెస్టుకి 300, లైసెన్సుకి 200.

లెర్నర్ పరీక్ష కంప్యూటర్ మీద. గుర్తులు, రూల్సు అడుగుతారు, అరవై శాతం సరిగ్గా చెబితే పాస్. నేను వారం రోజులు పాప పుస్తకాల పక్కన కూర్చుని చదివాను. ఎర్ర గుండ్రం ఉంటే చెయ్యకూడదని, నీలం గుండ్రం ఉంటే తప్పనిసరిగా చెయ్యాలని, త్రికోణం ఉంటే ముందు ఏదో ఉంది జాగ్రత్త అని. పక్క సీట్లో కూర్చున్న కుర్రాడు పరీక్షకి ముందు నన్నడిగాడు, "ఆంటీ, త్రికోణంలో నల్లగా రెండు బుడిపెలున్నాయి, ఒంటెల ఏరియానా?" అని. ఎగుడుదిగుడు రోడ్డు నాయనా అన్నాను. వాడు పాసయ్యాడు కూడా. నాకు ఈ అరవై శాతం లెక్క అస్సలు మింగుడు పడలేదు, ఎందుకంటే మిగతా నలభై శాతం గుర్తులు తెలియకపోయినా బండి రోడ్డెక్కించొచ్చన్నమాట, ఆ నలభైలో "నో ఎంట్రీ" ఉంటే ఎదురుగా వచ్చేది ఎవరు, నేనే కదా?

లెర్నర్ ఆరు నెలలు పనికొస్తుంది, అది చేతికొచ్చిన 30 రోజుల తర్వాతే అసలు టెస్టుకి వెళ్ళనిస్తారు. ఈలోపు లైసెన్సున్న మనిషి పక్కన కూర్చోవాలి, బండికి ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. తెల్ల చదరం మీద ఎర్ర ఎల్, చదరం 18 సెంటీమీటర్లకి 18. ఈ ఎల్ బోర్డు చూసి పక్కవాళ్ళు కాస్త దూరంగా ఉంటారని నేను అనుకున్నాను, అసలు దాని ఉద్దేశమే అది. మా ఊళ్ళో అది చూశారంటే దగ్గరికొస్తారు. నేర్పించడానికి వస్తారు! గాంధీనగర్‌లో బండి ఆగిపోతే సైకిల్ మీద వెళ్తున్న పెద్దాయన దిగి, స్టాండ్ వేసి, కిటికీ దగ్గరికొచ్చి "క్లచ్చి మెల్లిగా ఒదులు తల్లీ" అన్నాడు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి, ఆయన వాళ్ళని కూడా కసిరాడు, "ఉండండి బాబూ, పిల్ల నేర్చుకుంటంది." నన్ను పిల్ల అన్నందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ అభిమానం. కారు రివర్స్ చేస్తుంటే ఇంకా వేడుక, ఎక్కడి నించి వస్తారో నలుగురు వచ్చేస్తారు, ఒకాయన తెలుగులో "రానీ రానీ రానీ" అంటాడు, ఇంకొకాయన ఒడియాలో "ఆసు ఆసు" అంటాడు, మూడో ఆయన డిక్కీ మీద చేత్తో కొడతాడు, అది ఆపమనా రమ్మనా తెలీదు, నాలుగో ఆయన సరిగ్గా బండి వెనకాలే నించుని ఫోన్ మాట్లాడుకుంటూ ఉంటాడు. సాయం చేద్దామనే వస్తారు పాపం, అందులో సందేహం లేదు, కానీ నాకు కావాల్సింది ఒక్క మనిషి, ఒక్క మాట, కాస్త ఖాళీ.

డ్రైవింగ్ స్కూల్ మాస్టారు ఒడియా ఆయన, తెలుగు మనకంటే గడగడా మాట్లాడతారు, ఆయన వైపు కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి కాబట్టి మనకి ధైర్యం. పొద్దున్నే భంజవిహార్ యూనివర్సిటీ వైపు రోడ్డు మీద మొదలుపెట్టించారు. "ఆస్తే ఆస్తే మేడం, భయం లేదు, బ్రేక్ నా దగ్గర ఉంది." ఆ టైమ్‌కి రోడ్డు ఖాళీగా ఉంటుంది అనుకుంటాం, కానీ ఆరోగ్యం కోసం నడిచేవాళ్ళంతా అప్పుడే వస్తారు, ముగ్గురు ముగ్గురు వరసగా, రోడ్డు మధ్యలో, చెవుల్లో పాటలు పెట్టుకుని. ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకి కుడిపక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా నడవాలని స్కూల్లో చెప్పేవాళ్ళు, అది ఎవరికీ గుర్తులేదు.

మాస్టారికి హారన్ మీద ఉన్న నమ్మకం చూస్తే నాకు కంగారేసేది. మూల మీద హారన్, ఆవు కనిపిస్తే హారన్, ఆవు వెళ్ళిపోయాక కూడా ఒకసారి. మెడికల్ కాలేజీ ఆస్పత్రి దగ్గర కూడా కొట్టమంటే నేను కొట్టనన్నాను. ఆస్పత్రి, స్కూలు, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లు సైలెన్స్ జోన్ అని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్యం రూల్స్‌లోనే ఉంది మాస్టారూ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మేడం, మీరు కొట్టరు సరే, ఆ ఆటో ఆయన వినకుండా తిరిగితే?" అన్నారు. అడుగుతుండగానే ముందున్న ఆటో ఆయన కాలు బయటికి చాపాడు, అదే ఆయన ఇండికేటర్. కుడికాలు బయటికొస్తే కుడికి, ఎడమకాలు ఊగితే ఎడమకి, రెండూ లోపలుంటే ఎటైనా వెళ్ళొచ్చు. ప్రయాణికులు చెయ్యి ఎత్తితే మాత్రం ఏ కాలూ రాదు, ఎక్కడుంటే అక్కడే ఠక్కున ఆగిపోతుంది బండి. నేను కాళ్ళు చూసి బ్రేక్ వెయ్యడం నేర్చుకున్నాను, దూరం వదిలి వెనకాల నడపడం నేర్చుకున్నాను. కానీ రాత్రిపూట కాలు కనిపిస్తుందా? ఇండికేటర్ బల్బు ఎంతో ఖరీదు ఉండదు, వేయించుకో అన్నా అని ఒకాయనతో అంటే, "అంత దూరం ఎల్లనమ్మా, గేట్ బజార్ నించి ఆస్కా రోడ్డు, ఇక్కడికే కదా" అన్నాడు.

స్పీడ్ బ్రేకర్ల సంగతి కూడా చెప్పాలి. రోడ్లు ఎలా వెయ్యాలో కొలతలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, దాని లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, అంటే బండి మెల్లిగా ఎక్కి మెల్లిగా దిగాలి, ముందు బోర్డు ఉండాలి, తెల్ల గీతలు ఉండాలి. మా సందుల్లో అవి రాత్రికి రాత్రి పుడతాయి. ఎవరింట్లోనో పిల్లాడికి బండి తగిలి దెబ్బ తగిలితే మర్నాటికి సిమెంటు దిమ్మ రెడీ, సన్నగా, నిటారుగా, గీత లేదు, బోర్డు లేదు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది, నాకూ పాప ఉంది. కానీ చీకట్లో స్కూటర్ మీద వచ్చేవాడు దాని మీద ఎగిరి పడితే వాడూ ఎవరింటి పిల్లాడో కదా. ఒక సందులో అయితే ఆ దిమ్మ ఎత్తుకి కారు అడుగు భాగం ఆనుకుని ఆగిపోయింది, ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు, మాస్టారు దిగి, ఆ ఇంటివాళ్ళు కూడా దిగి, అందరూ కలిసి నెట్టారు. నెట్టిన తర్వాత ఆ ఇంటావిడ గర్వంగా "చూశారా, ఎంత బాగా పనిచేస్తందో" అంది.

అన్నిటికన్నా నాకు ప్రాణం పోయేది మాత్రం చందా తాడు. ఒడిశాలో ఉన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. వినాయకచవితి, దసరా, సరస్వతీ పూజ, ఏది వచ్చినా పదేళ్ళ పిల్లల దగ్గర్నించి రోడ్డుకి అడ్డంగా తాడో వెదురుబొంగో పట్టుకుని నించుంటారు, బండి ఆగాలి, చందా ఇవ్వాలి, రసీదు పుస్తకం కూడా ఉంటుంది. నేను ఎల్ బోర్డు బండిలో వెళ్తుంటే ఆపారు. మాస్టారు తల బయటపెట్టి "ఒరేయ్, ఇది నేర్చుకునే బండి, దీనికి కూడానా" అన్నారు. ఆ గుంటడు సీరియస్‌గా ఆలోచించి పక్కవాడితో మాట్లాడి వచ్చి, "నేర్చుకునే బండికి హాఫ్ టికెట్" అన్నాడు. నాకు నవ్వాగలేదు, ఇచ్చాను. ముందు సందులో ఇంకో తాడు. అక్కడ రసీదు చూపిస్తే "అది వాళ్ళ వినాయకుడు, ఇది మా వినాయకుడు" అన్నారు. ఇచ్చాను. ఆ తర్వాత మూడో తాడు దగ్గర నాకు నవ్వు పోయింది, ఎందుకంటే పొద్దుగూకిపోయింది, తాడు సన్నటి నైలాన్‌ది, కారు లైట్లు పడేదాకా నాకే కనపడలేదు. అదే బైక్ మీద వచ్చేవాడికయితే సరిగ్గా మెడ దగ్గర ఉంటుంది. నేను కారు దిగాను. తాడు పట్టుకున్న పిల్లాడి చేతికి ఆ తాడు చుట్టు చుట్టి ఉంది, ఎవడైనా ఆపకుండా లాక్కుపోతే వీడి చెయ్యి ఏమవుతుంది? అదే అడిగాను. వాడు చెయ్యి చూసుకుని తాడు విప్పేశాడు. పెద్ద కుర్రాళ్ళు మాత్రం "ఏం కాదు ఆంటీ, మా వీధే కదా" అన్నారు.

పెళ్ళి ఊరేగింపులు, డీజే బండ్లు, పల్లెల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, వానాకాలం సాయంత్రాలు వెచ్చటి తారు మీద తీరిగ్గా పడుకునే ఎడ్లు, ఇవన్నీ ఉన్నాయి, వాటి గురించి ఎంతైనా రాయొచ్చు గానీ ఎద్దుకి రూల్స్ పరీక్ష పెట్టరు కాబట్టి దాన్ని నేను ఏమీ అనను. ధాన్యం సంగతి ఒక్కటి చెప్తాను, ఆరబోసిన చుట్టూ పెట్టిన రాళ్ళు సాయంత్రం తీసెయ్యండి, ధాన్యం ఎత్తుకుపోతారు, రాళ్ళు మాత్రం అక్కడే ఉంటాయి, రాత్రి బైక్ వాడు వాటి మీద పడతాడు.

ఇక డ్రైవింగ్ టెస్ట్. తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్ళీ రావచ్చు, మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి, ఇదంతా మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. టెస్ట్ గ్రౌండ్ దగ్గర నేను చూసింది జీవితంలో మర్చిపోను. బైక్ టెస్టుకి వచ్చిన కుర్రాళ్ళు అందరూ బైకులు నడుపుకుంటూనే వచ్చారు, ముగ్గురేసి, లైసెన్సు కోసమే వచ్చారు కదా, అది లేకుండానే వచ్చారు. అందరికీ కలిపి ఒకే ఒక్క హెల్మెట్. టెస్టుకి హెల్మెట్ ఉండాలి కాబట్టి మొదటివాడు పెట్టుకుని వెళ్ళి రౌండ్ కొట్టి వచ్చి, తీసి, లోపల చెయ్యి పెట్టి తుడిచి రెండోవాడికి ఇస్తాడు, వాడు మూడోవాడికి. సన్నటి వాడి తలకి అది వదులై కళ్ళ మీదికి జారిపోతోంది, వాడు ఒక చేత్తో హెల్మెట్ పైకెత్తి పట్టుకుని ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని ఎనిమిది కొట్టాలని చూస్తున్నాడు, మిగతావాళ్ళు చప్పట్లు. పాసయినవాళ్ళు సంతోషంగా ముగ్గురేసి ఎక్కి వెళ్ళిపోయారు. హెల్మెట్ ఎవరిదో, వాడు దాన్ని పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుని వెళ్ళాడు! 2022 సంవత్సరంలో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ రిపోర్టు చెబుతోంది, అందులో హెల్మెట్ లేక పోయినవాళ్ళే దగ్గర దగ్గర యాభై వేలు. ఆ పిల్లల మొహాలు చూస్తూ ఆ లెక్క గుర్తొచ్చి నాకు కడుపులో దేవినట్టయింది. వెళ్ళేవాడిని ఆపి, తల మీద పెట్టుకో నాన్నా అన్నాను. పెట్టుకున్నాడు. వీధి మలుపు దాకా అయినా పెట్టుకునే వెళ్ళాడు, నేను చూశాను.

నా టెస్టు మామూలుగా జరిగింది. బెల్టు పెట్టుకుని, అద్దాలు సరిచేసుకుని, ఇండికేటర్ వేసి బయల్దేరాను, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదిలించమన్నారు, కర్రల మధ్య రివర్స్ చెయ్యమన్నారు, చేశాను. లైసెన్సు వచ్చింది, నా వయసు వాళ్ళకి పదేళ్ళు చెల్లుతుంది. డిజీలాకర్‌లో కూడా పెట్టుకున్నాను, ఫోన్లో చూపించినా చెల్లుతుంది.

తర్వాత ఇచ్ఛాపురం ప్రయాణం. అత్తయ్య వెనక సీట్లో, పాప పక్కన. నేను అత్తయ్యకి బెల్టు పెట్టబోతే గొడవ.

"ఏటమ్మీ ఇది, మెడకి ఉరితాడునాగ! ఇప్పీ."

"పెట్టుకోవాలి అత్తయ్యా, వెనకవాళ్ళు కూడా పెట్టుకోవాలని రూలుంది."

"ఇచ్చాపురం ఎల్తన్నామా ఇమానం ఎక్కుతన్నామా? ఇక్కడికే గదే!"

ఇంట్లోనే ఆ మాట. నేను బండి స్టార్ట్ చెయ్యలేదు. అదే రిపోర్టులో ఉన్న లెక్క చెప్పాను, సీటు బెల్టు లేక 2022లో పోయినవాళ్ళు 16,715 మంది, అందులో నడిపేవాళ్ళు 8,384, కూర్చున్నవాళ్ళు 8,331, అంటే సగానికి సగం. "కూకున్నోలు కూడానా?" అన్నారు. అవును అత్తయ్యా, అరవై స్పీడులో వెళ్తూ గోడని గుద్దితే నాలుగో అంతస్తు మీంచి పడ్డంత దెబ్బ, వెనక కూర్చున్నవాళ్ళు ఎగిరి ముందు కూర్చున్నవాళ్ళ మీద పడతారు, అంటే మీరు మీ మనవరాలి మీద పడతారు అన్నాను. అత్తయ్య ఇంకేం మాట్లాడలేదు, "ఏదీ ఎక్కడ గుచ్చాలి" అన్నారు.

మా అమ్మకి మొదటినించీ హైవే అంటే దడ. ఇప్పటికీ దాన్ని ఎన్‌హెచ్ అయిదు అనే అంటుంది, నంబరు మారి పదహారు అయ్యి చాలా ఏళ్ళయింది. దానికి కారణం ఉంది, శ్రీకాకుళం జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేని కారణం. 2012 నవంబర్ 2న అర్ధరాత్రి దాటాక రణస్థలం దగ్గర మాజీ కేంద్రమంత్రి ఎర్రన్నాయుడు గారి కారు ట్యాంకర్‌ని గుద్దుకుని ఆయన పోయారు. అంత పెద్దమనిషికే దిక్కులేకపోయింది, మనమెంత అని అమ్మ అప్పట్నించీ రాత్రి ప్రయాణం చెయ్యనివ్వదు. మా గంజాం వైపు కూడా అంతే, 2023 జూన్‌లో దిగపహండి దగ్గర పెళ్ళివారి బస్సు, ఎదురొచ్చిన బస్సు గుద్దుకుని 12 మంది పోయారు, వారం రోజులు మా వీధిలో ఇంకో మాట లేదు.

అందుకే నేను పగలే బయల్దేరాను, ఎడమ పక్కనే, డెబ్భై దాటకుండా. రోడ్డు బాగుంది, నాలుగు లైన్లు, మధ్యలో డివైడర్ మీద పూల మొక్కలు. హాయిగా వెళ్తున్నాను. గొలంత్ర దాటాక ముందు ఎదురుగా ట్రాక్టర్. నా లైన్లోనే. ట్రక్కు నిండా ఇటుకలు, ఇటుకల మీద ఇద్దరు మనుషులు, డ్రైవరు నాకు లైటు కూడా వేశాడు, తప్పుకోమని. నేను మెల్లిచేసి, ఇండికేటర్ వేసి, పక్కకి తీసి ఆపేశాను. ఆయన కూడా పక్కనే ఆపాడు, ఏమైనా అడ్రసు అడుగుతానేమో అనుకున్నాడు.

"ఎటు వెళ్తున్నావు బాబూ, ఇది ఇటు వచ్చే రోడ్డు కదా?"

"ఆ ఎదర సందులోకే మేడం. అటెల్తే టర్నింగ్ సేనా దూరం, తిరిగి రావాల. ఇక్కడికే కదా."

ఆ ఎదర సందు ఒక కిలోమీటరు పైన ఉంది. ఆ కిలోమీటరూ ఆయన ఎదురొచ్చే లారీలన్నిటికీ ఎదురు వెళ్ళాలి. నేను లెక్క చెప్పాను, అక్కడే, కిటికీలోంచి. నేను ఎనభైలో వస్తున్నా, ఎదురుగా బైక్ నలభైలో వస్తున్నాడనుకో, ఇద్దరం కలిపి నూటఇరవైలో దగ్గరవుతున్నట్టు, సెకనుకి 33 మీటర్లు. వంద మీటర్ల దూరంలో చూసుకుంటే చేతిలో ఉన్నది మూడు సెకన్లు, అందులో ఒక సెకను ఇదేంటి ఎదురొస్తున్నాడు అని ఆలోచించడానికే పోతుంది, బ్రేక్ మీద కాలు పడేసరికి సగం దూరం అయిపోతుంది. పైగా 2019లో చట్టం మార్చినప్పుడు ఎదురు నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద సెక్షన్ 184లో రాశారు, మొదటిసారి పట్టుబడితే వెయ్యి నించి అయిదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నించి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. ఆయన అంతా విన్నాడు, ఇటుకల మీద కూర్చున్నవాళ్ళు కూడా విన్నారు. "నిజమే మేడం" అన్నాడు. నాకు ఎంతో సంతోషమేసింది. తర్వాత నెమ్మదిగా గేరు వేసి, ఎదురుగానే వెళ్ళిపోయాడు. ఇటుకల మీదవాళ్ళు చెయ్యి ఊపారు.

వెనక నించి అత్తయ్య, "బెల్టు ఉందేటి ఆలకి?" అన్నారు.

నాకు కోపం వచ్చిన మాట నిజం, కానీ ఆయన డీజిల్ లెక్క కూడా నాకు తెలుసు, ట్రిప్పుకి ఇంత అని కట్టుకునే మనిషి, టర్నింగ్ దాకా వెళ్ళొస్తే రోజుకి ఒక ట్రిప్పు తగ్గొచ్చు. అయినా ఒప్పుకోను. ఇటుకల మీద కూర్చున్న ఇద్దరి ప్రాణం ఆ డీజిల్ కన్నా చవకా? ఆ దారిలో రాంగ్ రూట్ వచ్చేవాళ్ళు ట్రాక్టర్లే కాదు, పాల క్యాన్ల బైకులు, స్కూల్ పిల్లల్ని ఎక్కించుకున్న ఆటోలు, కార్లు కూడా, ఏసీ కార్లు! కారు ఉన్నవాడికి డీజిల్ లెక్క కూడా చెప్పుకోవడానికి లేదు.

ఇచ్ఛాపురంలో ఇంటి ముందు బండి ఆపగానే అమ్మ ఏడ్చినంత పని చేసింది, చిన్న మావయ్య కారు చుట్టూ తిరిగి చూసి, ఎక్కడా గీత పడలేదని అందరికీ చెప్పాడు. టీ తాగాక స్వీట్లు తెస్తానని స్కూటర్ తీశాడు, హెల్మెట్ గోడకి వేలాడుతోంది.

"మావయ్యా, హెల్మెట్."

"బజారుకే కదే గుంటా."

తాళం నేను లాక్కున్నాను. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు పోతుంది అన్నాను, ఆయనకి వెయ్యి రూపాయలు తగిలింది, లైసెన్సు తగల్లేదు. పెట్టుకున్నాడు గానీ బెల్టు బిగించలేదు, మళ్ళీ ఆపి బిగించాను. ఇది బిగించకపోతే పడ్డప్పుడు మనకంటే ముందు అదే ఎగిరిపోతుంది. అమ్మ గుమ్మంలో నించుని చూస్తూ, "ఇచ్చాపురం వచ్చినప్పుడల్లా ఇలాగే అందరి బుర్రలూ బిగిస్తావా" అంది. బిగిస్తాను.

చీకటి పడకముందే బయల్దేరి వచ్చేశాం. చీకటి పడ్డాక హైవే మీద ఎదురువాళ్ళ లైట్లు డిమ్ చెయ్యరు, లైట్లు లేకుండా పక్కన ఆపిన లారీ ఆఖరి క్షణం దాకా కనపడదు, పశువులు కనపడవు. అందుకే రాత్రిపూట నేను ఆ రోడ్డెక్కను. ఫోన్లో మాత్రం 112, 108, హైవే హెల్ప్‌లైన్ 1033 పెట్టుకున్నాను, అత్తయ్య ఫోన్లో కూడా ఎక్కించాను. దారిలో ఎవరైనా పడిపోయి ఉంటే సాయం చేస్తే పోలీసులు, కోర్టులు అని మనవాళ్ళు భయపడతారు, 2019 సవరణలో సెక్షన్ 134ఎ అని పెట్టారు, మంచి మనసుతో సాయం చేసినవాళ్ళ మీద కేసు ఉండదు, మన పేరు చెప్పమని బలవంతం కూడా చెయ్యకూడదు. ఇది మా వీధిలో చాలామందికి తెలీదు, నేనే చెబుతున్నాను.

తాడు సంగతి కూడా వదల్లేదు. మా వీధి కమిటీ కుర్రాళ్ళని పిలిచి టీ ఇచ్చి కూర్చోబెట్టాను. మీ చందా నేను ఆపను, ఎక్కువే ఇస్తాను, కానీ రోడ్డు మీద తాడు వద్దు, మలుపుకి దూరంగా పక్కన బల్ల వేసుకుని కూర్చోండి, లైటు పెట్టుకోండి అన్నాను. మొదట బల్ల దగ్గరికి ఎవరొస్తారు ఆంటీ అన్నారు. అత్తయ్య లోపల్నించి వచ్చి "నానొస్తాను, ముందు నాదే రాసుకోండి" అన్నారు. ఒప్పుకున్నారు. పక్క వీధివాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు, బల్ల పెడితే వసూలు సగం పడిపోతుందని వాళ్ళ బాధ. ఆదివారం సాయంత్రం వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం, మా కమిటీ కుర్రాళ్ళు ఇద్దరు, నేను, అత్తయ్య. మా పేటలో ఇంకెవరైనా వస్తామంటే రండి, నలుగురం కంటే పదిమంది వెళ్తే వింటారు.